రాకాసి గుడి తొట్టికి మేనా సవారీ

రాళ్లు మాట్లాడతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉద్యోగం పొడుగునా నేను రాళ్ల పక్కనే కూర్చున్నాను, ఒక్కటీ నోరు విప్పలేదు. మాట్లాడిందంతా వాటి చుట్టూ ఉన్న జనమే. పురావస్తు శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో గొప్ప తవ్వకం ఏదండీ?" అని అడుగుతుంటారు. బంగారమో, శాసనమో దొరికిన సంగతి చెబుతానని పెన్ను తీసి కూర్చుంటారు. నేను మట్టి తొట్టి కథ ఎత్తుకుంటాను. పెన్నుకి మూత పెట్టేస్తారు. పెట్టుకోండి నాయనా, నాకేం కోపం లేదు. ముందు కాఫీ తాగి, తర్వాత వినండి.

అవి అరవైల తొలి సంవత్సరాలు. శ్రీహరికోటలో అప్పటికింకా రాకెట్లు లేవు, అడవీ సరుగుడు తోటలూ ఉండేవి. దొరవారిసత్రం దాటి పులికాట్ సరస్సు వైపు పోతే, ఉప్పునీళ్లు మొదలయ్యే ముందు ఒక ఎర్ర గరపనేల మెట్ట వచ్చేది. దాని నిండా రాతి వలయాలు. పెద్ద పెద్ద గుండ్లను గుండ్రంగా పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు కుప్పగా పోసి ఉంటాయి. ఆ కుప్ప తీస్తే కింద నాలుగు పలకరాళ్లు నిలబెట్టి కట్టిన గది, దాని మీద మూతగా ఇంకో పలక. రాతా కోతా లేని కాలంలో, ఇనుము కొత్తగా చేతికొచ్చినవాళ్లు తమ చచ్చినవాళ్లకి కట్టుకున్న ఇళ్లవి. ఊళ్లోవాళ్లు వాటిని రాకాసి గుళ్లు అనేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద వలయం పక్కన మనిషికి మించిన ఎత్తులో ఒక నిలువురాయి ఉండేది.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. రాయి నేల మీద ఎక్కడుందో కాగితం మీదా అక్కడే ఉండేలా గీయడం నా పని. గొడుగు కింద బల్ల వేసుకుని చేత్తో గీస్తూ, నోటితో అందరినీ ఆటపట్టిస్తూ ఉండేవాణ్ని. జీతం మొదటి పనికే ఇచ్చేవాళ్లు.

మా ఆఫీసరుగారు మైసూరు వైపు మనిషి. చిన్న వయసు, పెళ్లి కాలేదు. ఒంటిచేత్తో నడిపిస్తున్న తొలి తవ్వకం. తెలుగు పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నారేమో, ఆయన మాట్లాడితే పురాణం విప్పినట్టుండేది. "కించిత్ జలము తెప్పింపుడు" అంటే కూలివాళ్లు నా మొహం చూసేవాళ్లు. "మంచినీళ్లు" అని నేను చెప్పేవాణ్ని. ఆయనకి అబద్ధం అసలు చేతకాదు. చూసిందే చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు అనేది ఆయన పట్టు. ఆ నిలువురాయి సంగతే తీసుకోండి. రాకాసి తెల్లారేదాకా వడ్లు దంచి, కోడి కూసేసరికి రోకలి అక్కడే పాతిపెట్టి పారిపోయిందని చేపలమ్మే ఆడవాళ్లు చెప్పారు. ఆయన నవ్వకుండా విన్నారు. "ఇది ఎవరి సమాధియో తెలియుటకై నిలిపిన గుర్తురాయి అని నా ఊహ. ఊహ మాత్రమే" అన్నారు. ఆ ఆడవాళ్లకి ఆ ఊహ కూడా బాగానే నచ్చింది. రోకలి మాత్రం వదల్లేదు.

ఇక మేస్త్రి. ఈ కథంతా ఆయనదే. గూడూరు దగ్గర పల్లె ఆయనది. ఎన్నో తవ్వకాల్లో కూలివాళ్లని నడిపించిన పెద్దమనిషి, ఆ ఎండాకాలంతో రిటైరు కావాలి. అంత సర్వీసులో ఆయన చేతి కింద ఒక్క కుండ కూడా పగలకుండా, నిండుగా బయటపడలేదు. బయటికి వచ్చినవన్నీ పెంకులే. తప్పు ఆయనది కాదు, వేల ఏళ్లు మట్టి బరువు మోసిన కుండలు పగలక ఏం చేస్తాయి? కానీ శాఖలో అందరం ఆయన్ని పెంకుల మేస్త్రి అనేవాళ్లం. నేనూ అన్నాను, అందరికన్నా గట్టిగా అన్నాను. ఇంటి దగ్గర మనవరాళ్లు కూడా పెంకుల తాత అంటారని ఆయనే చెప్పి నవ్వేవాడు. నవ్వుతూనే చేతులు వెనక్కి దాచుకునేవాడు. అదేం అలవాటో మొదట్లో నాకు అర్థం కాలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. అంగట్లో కుండ కొనే ఆడవాళ్లు వేలి కణుపుతో కొట్టి చూస్తారు కదా, ఖంగుమంటే నిండు కుండ, మొద్దుగా పలికితే ఎక్కడో బీట. మేస్త్రి కూడా మట్టిది ఏది కనబడినా కొట్టి వినేవాడు. టీకొట్టు కూజా, మా వంటశాల బాన, ఏదీ వదిలేవాడు కాదు. తవ్వకంలో దొరికినవి మాత్రం ఒక్కటీ ఆయనకి మోగలేదు. "పోయేలోగా ఒక్క నిండు కుండ మోగితే ఇనాలని ఉండాది సామీ" అని ఒకసారి నాతో అన్నాడు. ఆ రోజు మాత్రం నేను వెక్కిరించలేదు.

పెద్ద వలయం లోపలి గదికి మూత పలక జరిపిన రోజు పొడవునా మట్టి తీశాం. సాయంత్రానికి ఎర్రటి మట్టిమూత అంచు కనబడింది. మేస్త్రి కుంచెతో తుడిచాడు. మూత ముక్కలు ముక్కలుగా ఉంది.

"చూసినారా నా చెయ్యి!" అని ఆయన కుంచె అక్కడే పడేసి గట్టు మీదికొచ్చి కూర్చున్నాడు. మర్నాడు తాను గదిలోకి దిగలేదు. పైనుంచి చెబుతుంటే కూలివాళ్లే తీశారు. మూత పెంకులు తీశాక కింద, చచ్చినవాళ్ల ఎముకలు దాచే కాల్చిన మట్టి తొట్టి అంచు వచ్చింది. అంచు వెంట మట్టి తీసుకుంటూ పోతే ఈ చివర నుంచి ఆ చివరకి ఎక్కడా తెగలేదు. పక్కలు తెగలేదు. అడుగున రెండు వరుసల్లో పొట్టి పొట్టి కాళ్లు, అన్నీ ఉన్నాయి. పసిబిడ్డల ఉయ్యాలకన్నా కొంచెం పెద్దది, అంతే. లోపల మట్టి, ఆ మట్టి మీద ఎర్రటి పూసలు, కొన్ని ఎముకలు.

మేస్త్రి గట్టు మీద నుంచి వంగి చూశాడు. తర్వాత తలపాగా తీసి మొహం కప్పుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. కూలి ఆడవాళ్లు ఈలలు వేశారు. నాకూ ఎంత సంతోషం వేసిందంటే, గీస్తున్న కాగితం మీద సిరా ఒలకబోసుకున్నాను.

ఆ సంతోషం మర్నాటి దాకే నిలిచింది. తొట్టిని పట్నం మ్యూజియానికి చేర్చాలి. సూళ్లూరుపేట స్టేషన్ దాకా ఉన్నది ఎద్దులబండి బాట, మోకాలి లోతు గాడులు. పైపెచ్చు మబ్బులు పడుతున్నాయి, శిబిరం ఎత్తేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చేసింది. ఆఫీసరుగారు ఆలోచించి ఆలోచించి చెప్పారు. "శకటమున వేసిన మార్గమధ్యముననే భగ్నమగును. మనమే జాగ్రత్తగా ఖండములుగా విడదీసి, అచ్చట అతికించుట మేలు."

మేస్త్రి నావైపు చూశాడు. "ఏమంటాండాడు?"

"ముక్కలు చేసి తీసుకుపోదాం అంటున్నారు."

"నిండుగా వచ్చిన ఒక్కదాన్నీ మనమే పగలగొట్టాల్నా?" అన్నాడు మేస్త్రి. కోపం లేదు ఆ గొంతులో, అదే కష్టంగా ఉంది. "ఆ పని నేను ఇంటికి పోయినాక చేసుకోండి సామీ."

అప్పుడే మెట్ట యజమాని సాయిబు సైకిల్ దిగాడు. సూళ్లూరుపేటలో గాజుల దుకాణం ఆయనది. ఈ మెట్ట మీద వేరుశనగ వేసేవాడు. మమ్మల్ని తవ్వుకోనిచ్చింది చాలక శుక్రవారాలు పలావు కూడా పంపేవాడు. సంగతి విని ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు తొట్టిని చూశాడు.

"బండి ఎందుకన్నా? మా ఇంట్లో మేనా ఉండాది," అన్నాడు. "మా అమ్మ నిఖాకి దాంట్లోనే వచ్చింది. అటక మీద దుమ్ము పట్టి ఉంది. మోసేవాళ్లుంటే చెంబు నిండా నీళ్లు పెట్టినా తొణకవు."

మోసేవాళ్లు ఉన్నారు. చేపలు పట్టేవాళ్ల పల్లెని అక్కడ కుప్పం అంటారు. సరస్సు ఒడ్డు కుప్పంలో పెద్దవాళ్లు బస్సులు రాకముందు మేనాలు మోసినవాళ్లే. అందరం కలిసి వెళ్లాం. వాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. కుప్పం పెద్ద సంతోషంగా లేచాడు. మేనా పట్టి ఎన్నేళ్లయిందో అని భుజం తడుముకున్నాడు.

"మోస్తాం సామీ, దానికేం. ఆ తొట్లో ఏముండాది?"

మేస్త్రి ఆఫీసరుగారికి కళ్లతో సైగ చేశాడు. మట్టి అనండి, చాలు అని. ఆయన అబద్ధం ఆడితే కదా! "అందు కొన్ని మానవాస్థికలు కలవు" అన్నారు.

"ఏందంటాడు?"

"ఎముకలు" అన్నాను నేను, చచ్చినట్టు.

"పీనుగా!" వలలు వదిలి అంతా లేచి నిలబడ్డారు. "మేనా మోసిన భుజంతో పాడె మోస్తామా? పెళ్లికూతుర్ని మోసినాం, దేవుణ్ణి మోసినాం. పీనుగును ఎక్కిస్తే అది ఇంక మేనా కాదు సాయిబూ, నీకు మాత్రం తెలీదా?"

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "మా అమ్మ ఎక్కిన మేనా. నాకూ ఆ మాట తోచలే" అని తలదించుకున్నాడు.

మేస్త్రి ఇసకలో కూలబడ్డాడు. "పోనీలే సామీ. నాకు పెంకులే రాసిపెట్టి ఉండాయి" అన్నాడు.

అంతసేపూ పక్కన ఎండుచేపలు తిరగేస్తున్న కుప్పం పెద్ద తల్లి చేతులు దులుపుకుని వచ్చింది. వంగిన నడుము, గట్టి గొంతు. "ఆ మనిషి ఎప్పుడు సచ్చినాదంట?"

"రెండు వేల సంవత్సరములకు పైబడి" అన్నారు ఆఫీసరుగారు. అది మాత్రం నేను చెప్పకుండానే ఆమెకి అర్థమైంది.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "మనింట్లో మనిషి పోతే మైల ఎన్నాళ్లురా?"

"పెద్దదినం దాకా."

"పెద్దదినం అయినాక?"

"ఇల్లు కడుక్కుని, తలకు పోసుకుని, వలకు పోతాం."

"మరి రెండువేల ఏండ్ల నాటి మైల ఇంకా అంటుకుంటాదా నీకు? పెద్దదినం అయిన మనిషిని పీనుగంటారంట్రా ఎవురైనా? ఏటేటా మీ నాయనమ్మకు చీర పెట్టి దణ్ణం పెట్టుకుంటుండామే, ఆమె ఎవురు?"

"పేరంటాలు" అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి.

"పేరంటాలు మేనా ఎక్కకూడదా?"

మేస్త్రి తలెత్తాడు. పని అయిపోయిందనే అనుకున్నాను నేను. అప్పుడు ఆఫీసరుగారు గొంతు సవరించుకున్నారు. "ఒక సందేహము. మృతులు స్త్రీయో పురుషుడో ఇంకను నిర్ణయింపబడలేదు."

మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. ఆ మాట అవ్వకి నేను చెప్పక తప్పలేదు.

"పూసలుండాయని మీ కూలోళ్లు చెప్పిరే?" అంది అవ్వ.

"పూసలు పురుషులు సైతం ధరించెడివారు."

అవ్వ ఆయన్ని టోపీ నుంచి బూట్ల దాకా చూసింది. "నీకు పెళ్లయిందా నాయనా?"

"లేదు."

"అదీ సంగతి. ఆడదైతే పెళ్లికూతురు, మగోడైతే పెళ్లికొడుకు. మేనాలో ఇద్దురూ కూర్చుంటారు గదా. నీకెందుకు అంత దిగులు?"

కుప్పం అంతా పగలబడి నవ్వింది. ఆఫీసరుగారు ఎర్రబడ్డారు, ఆలోచించారు, "తర్కము సరిగానే యున్నది" అన్నారు.

అవ్వ మాత్రం ఊరికే వదలలేదు. మన మెట్ట మీది మనిషిని గోనెసంచిలా ఎత్తుకుపోతే ఒప్పుకోనంది. సారె పెట్టి సాగనంపాలి, పుట్టింటివాళ్లు నిలబడి పంపాలి. పుట్టింటివాళ్లెవరంటే, గది తెరిచి బయటికి తీసినవాళ్లే. ఇంకోటి, పోయేముందు ఆ నిలువురాయికి చెప్పి పోవాలి. "మా ఆడోళ్లతో నువ్వే గదా అది ఆమె గుర్తని చెప్పింది. ఇన్నాళ్లు కాపలా కాసినదానికి చెప్పకుండా పోతారా?" అని ఆఫీసరుగారినే నిలదీసింది. మన ఊహని ఎవరైనా ఇంత గట్టిగా నమ్మితే ఎలా ఉంటుందో ఆయన మొహం చూసి తెలుసుకున్నాను.

గదికి ఒక పక్క పలక తీసి, తొట్టి కిందికి చెక్కలు జరిపి, తడిగోనెలు చుట్టి, కొబ్బరితాళ్లతో ఎత్తాం. లోపలి మట్టి కదపలేదు, అదే దానికి ఆదరువు. గడ్డి పరిచిన మేనాలో దించాం. ఇంత పని జరుగుతుంటే మేస్త్రి అరుస్తూనే ఉన్నాడు కానీ చేయి వేయలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు. అప్పుడు నాకు అర్థమైంది, తన చేయి తగిలితే పగులుతుందని ఆయన నిజంగానే నమ్మాడని. మేం నవ్వులాటకి అన్న మాట ఆయన ఒంట్లోకి దిగిపోయింది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గేసింది.

తెల్లారి సారె సమయానికి సాయిబు తన దుకాణం నుంచి గాజులు, కొత్త రవికగుడ్డ తెచ్చాడు. ఆడవాళ్లు పసుపు, కుంకుమ, తమలపాకులు పట్టుకొచ్చారు. పుట్టింటి పెద్దగా ఆఫీసరుగారు పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. శాస్త్రజ్ఞుడు చేయవలసిన పనేనా ఇది అని ముందు నన్ను చాటుకి పిలిచి అడిగారు. తర్వాత పళ్లెం ఏ చేత్తో ఇవ్వాలో అదీ అడిగారు. మేనా నిలువురాయి చుట్టూ ఒకసారి తిరిగింది. అవ్వ రాయికి పసుపు రాసి, "పోయొస్తాంది, చల్లంగా ఉండు" అంది.

బోయీలు బయల్దేరారు. ముందున్నవాడు బాట చూసి పలకాలి, వెనకవాళ్లు వంత పలకాలి, అప్పుడే అడుగులు కలుస్తాయి.

"గుంటొచ్చె!"

"ఓహుం!"

"ముళ్లుండె!"

"ఓహుం!"

"మెల్లంగ!"

"ఓహుం!"

పక్కనే మేస్త్రి, చేతులు వెనక్కి కట్టుకుని, మేనా వైపు తప్ప ఇంకెటూ చూడకుండా నడిచాడు. దారిలో ఊళ్లు ఆగి చూశాయి. మేనా చూసి ఎంత కాలమైందో! చెంబులతో నీళ్లు తెచ్చి బాట మీద చల్లారు. "ఎవురి పిల్ల?" అని ఒక ముసలాయన అడిగితే, సైకిల్ నడిపించుకుంటూ వస్తున్న సాయిబు, "మా మెట్ట పిల్లే!" అన్నాడు.

"ఏ ఊరికిస్తుండారు?"

"పట్నానికి!"

"అబ్బో, పట్నం సంబంధం!"

ఒకావిడ ఉండబట్టలేక తెర ఎత్తి చూసింది. "అమ్మో! ఇన్ని కాళ్లా!" అని కేక పెట్టి పరుగెత్తింది. బోయీలకి నవ్వు ఆగక, మేనా దించి నవ్వుకుని మళ్లీ ఎత్తారు.

కాలువ దగ్గర మాత్రం నవ్వు ఎగిరిపోయింది. నీళ్లలో పాచిరాయి మీద ఒకతనికి కాలు జారింది. మేనా ఒక పక్కకి ఒరిగింది, లోపల టక్కుమని చప్పుడైంది. మేస్త్రి చేతులు ముందుకొచ్చాయి. వచ్చి, తొట్టికి జానెడు దూరంలో ఆగిపోయాయి. మళ్లీ వెనక్కి వెళ్లిపోయాయి. బోయీలు పళ్ల బిగువున నిలబెట్టి ఒడ్డుకి చేర్చారు.

తెర తీసి చూశాం. పైకి బీట కనబడలేదు. "కొట్టి చూడు మేస్త్రీ" అన్నాను.

"మట్టి నిండి ఉంటే మోగదు సామీ. లోపల నెర్రె ఇచ్చిందేమో, ఖాళీ చేసిందాకా తెలీదు." అక్కడి నుంచి స్టేషన్ దాకా మేనా తెరకి చెవి పెట్టే నడిచాడు.

స్టేషన్ మాస్టరు మేనా చూసి పరుగున వచ్చి, "పెళ్లివారా? ఏ పెట్టె?" అన్నాడు. బ్రేకు వ్యాను అనేసరికి నోరు తెరిచాడు. పెళ్లికూతురిని సామాన్లలో వేస్తారా అని కాసేపు మాతో పోట్లాడాడు కూడా. విషయం తెలిశాక తానే గడ్డి తెప్పించి పరిపించాడు. మేస్త్రి వ్యానులోనే తొట్టి పక్కన కూర్చున్నాడు.

పట్నంలో ఆఫీసరుగారు చిన్న గరిటెతో లోపలి మట్టి ఓపిగ్గా తోడారు. ఎముకలు పరీక్షకి వెళ్లాయి. ఆడో మగో చివరిదాకా తేలలేదు, ఆయన తేలలేదనే చెప్పారు. తొట్టి ఖాళీ అయ్యాక దిమ్మ మీదికి ఎత్తాల్సిన రోజు అందరం నాలుగు పక్కలా నిలబడ్డాం. మేస్త్రి గోడకి ఆనుకుని ఉన్నాడు. రిటైరు కావడానికి ఇక ఎన్నో రోజులు లేవు.

ఆఫీసరుగారు వంగి అంచు పట్టుకున్నారు. పట్టుకుని, వదిలేశారు. నిటారుగా నిలబడి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

"మేస్త్రీగారూ, ఒక మనిషి తక్కువైనాడు. తాము పట్టవలెను."

ఎవరూ తక్కువ కాలేదు. ఇంకా ఒకరు ఎక్కువే ఉన్నాం. ఆయన జీవితంలో ఆడిన అబద్ధం నాకు తెలిసి అదే మొదటిది. మొహం కందగడ్డలా అయిపోయింది పాపం.

"నా చెయ్యి వద్దు సామీ."

"తాము పట్టనిచో ఇది ఇచ్చటనే యుండును."

మేస్త్రి వచ్చాడు. పంచెకి చేతులు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. కళ్లు మూసుకుని అంచు కింద వేళ్లు పెట్టాడు. ఎత్తాం. దిమ్మ మీద పెట్టాం. కాళ్లన్నీ ఒకేసారి ఆనాయి. మేస్త్రి కళ్లు తెరిచాడు, తొట్టి అలాగే ఉంది. ఆయన కాసేపు దాన్నీ, తన చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు. అప్పుడు వేలి కణుపుతో, నిద్రపోతున్నవాళ్ల తలుపు కొట్టినట్టు, మెల్లగా కొట్టాడు.

ఖంగుమంది.

గది ఆ చివరిదాకా వెళ్లింది ఆ మోత. "ఇన్నారా సామీ?" అన్నాడు మేస్త్రి.

"ఏమీ వినబడలేదే. మళ్లీ కొట్టు" అన్నాను నేను.

మళ్లీ కొట్టాడు. ఇంకాస్త గట్టిగా.

"నాకును వినబడలేదు" అన్నారు ఆఫీసరుగారు. ఈసారి మొహం ఎర్రబడలేదు.

మ్యూజియం నౌకర్లు ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కరికీ వినబడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా కొట్టించాం.